పల్ప్ బ్యాండ్‌కి పెద్ద హిట్టు పడటానికి 17 ఏళ్లు ఎందుకు పట్టింది?

రాత్రిరేడియో:
అందరికీ నమస్తే. ఒయాసిస్, బ్లర్ వింటూ వింటూ పక్కదారి పట్టి పల్ప్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ దగ్గర ఆగిపోయాను. కామన్ పీపుల్ పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సరే ఈ బ్యాండ్ కథేంటో చూద్దామని చదవడం మొదలుపెడితే బుర్ర తిరిగింది. 1978లో మొదలైన బ్యాండట, ఆ పాటేమో 1995లో వచ్చిందట. మామూలుగా ఏ బ్యాండ్ సంగతైనా మూడు నాలుగేళ్లలో తేలిపోతుంది కదా, లేస్తే లేస్తుంది లేదంటే ఎవడి ఉద్యోగం వాడు చూసుకుంటాడు, మరి వీళ్లు అన్నాళ్లు ఏం తిని బతికారు, ఏం చూసుకుని నిలబడ్డారు?
ఇంకోటి, బ్రిట్‌పాప్ (90ల బ్రిటిష్ గిటార్ పాప్ ఊపు) గాలి వీచింది కాబట్టి వీళ్లూ లేచారు, లేకపోతే లేదు అని ఒకచోట చదివా. అది నిజమేనా? పైకొచ్చాక మళ్లీ అంత త్వరగా ఎందుకు కిందికి పోయారు? అన్నట్టు ఎక్కడ మొదలుపెట్టి వినాలో కూడా చెప్పండి. బెస్ట్ ఆఫ్ ఆల్బమ్ విను అని మాత్రం చెప్పకండి ప్లీజ్.

షెఫీల్డ్‌స్టీల్:
మంచి ప్రశ్న వేశారు, కాస్త పొడుగ్గానే చెప్తా ఓపిక పట్టండి.
సింగర్ జార్విస్ కాకర్ ఈ బ్యాండ్ పెట్టేటప్పటికి వయసు 15, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో సిటీ స్కూల్ కుర్రాడు. అప్పుడు పేరు అరబికస్ పల్ప్. ఆ ఊరు అప్పట్లో మామూలుగా లేదు, హ్యూమన్ లీగ్, క్యాబరే వోల్టేర్, తర్వాత ఏబీసీ, హెవెన్ 17, అందరూ అక్కడివాళ్లే. 1981లో బీబీసీ రేడియో 1 డీజే జాన్ పీల్ షెఫీల్డ్ వచ్చినప్పుడు జార్విస్ వెళ్లి తన డెమో టేపు చేతిలో పెట్టాడు. పీల్ విని సెషన్‌కి, అంటే తన రేడియో షో కోసం పాటలు రికార్డ్ చెయ్యడానికి పిలిచాడు, ఆ నవంబర్‌లో రికార్డింగ్. స్కూల్ పిల్లలకి పీల్ సెషన్ అంటే అప్పట్లో లాటరీ తగిలినట్టే. ఇంకేముంది, మనం స్టార్లమే అనుకున్నారు. తర్వాత జరిగింది ఏంటంటే మిగతావాళ్లు ఒక్కొక్కరే చదువులకి వెళ్లిపోయారు, జార్విస్ ఒక్కడే మిగిలాడు.
1983లో ఇట్ అనే ఆల్బమ్ వచ్చింది, మెత్తగా అకూస్టిక్‌గా ఉంటుంది, ఎవరూ పట్టించుకోలేదు. 1987లో ఫ్రీక్స్. పేరుకి తగ్గట్టే చీకటిగా వంకరగా ఉంటుంది, అదీ పోయింది. ఈ మధ్యలో 1985లో ఒక అమ్మాయి ముందు గొప్పకి పోయి స్పైడర్‌మ్యాన్‌లా కిటికీ బయట వేలాడబోయి పట్టు జారి కిందపడ్డాడు. ఎముకలు విరిగాయి, చాలాకాలం వీల్‌చైర్. కచేరీలు మాత్రం ఆపలేదు, వీల్‌చైర్‌లోనే స్టేజీ ఎక్కి పాడాడు.
ఇక్కడొక ముక్క చెప్పాలి. ఆస్పత్రి వార్డులో అలా పడున్నప్పుడు పక్క బెడ్లమీద ఉన్నది గనుల్లో పనిచేసినవాళ్లూ మామూలు జనమూ, వాళ్ల మాటలు విన్నాకే తన రాత మారిందని జార్విస్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. అప్పటిదాకా ప్రేమ, ఆకాశం, నక్షత్రాలు అంటూ గాల్లో రాసేవాడు, ఆ తర్వాత వాల్‌పేపర్, ఉడ్‌చిప్, బస్టాపు, పక్కింటి బెడ్‌రూమ్ ఇలాంటివి వచ్చిపడ్డాయి. మీరు ఇప్పుడు వింటున్న పల్ప్ అదే. అందుకే 17 ఏళ్లు వేస్ట్ అయిపోయాయి అని నేను అనుకోను, హిట్ పడిన పాటల్లో ఉన్న సరుకంతా ఆ ఫెయిలైన సంవత్సరాల్లో పోగైందే.

బేస్‌లైన్:
షెఫీల్డ్‌స్టీల్ గారూ, మీరు చెప్పింది బాగుంది గానీ కథ మరీ తియ్యగా తయారైంది. కష్టాలు పడ్డాడు, రాటుదేలాడు, గెలిచాడు, ఇది పేపర్ వాళ్లకి బాగా పనికొచ్చే లైను.
అసలు 17 ఏళ్లు అనే లెక్కే తప్పు నా ఉద్దేశంలో. 78లో ఉన్న బ్యాండ్‌కీ 95లో ఉన్న బ్యాండ్‌కీ కామన్‌గా ఉన్నది జార్విస్ ఒక్కడే. రసెల్ సీనియర్ 83లో వచ్చాడు, గిటారూ వయొలినూ ఆయనవి. క్యాండిడా డోయల్ ఆ మరుసటేడు, కీబోర్డులు. ఆమెకి టీనేజ్ నుంచే కీళ్లవాతం, అయినా ఆ ఫార్ఫీసా ఆర్గన్ సౌండ్ లేకపోతే పల్ప్ లేదు. నిక్ బ్యాంక్స్ డ్రమ్స్‌కి ఇంకా తర్వాత (గోల్‌కీపర్ గోర్డన్ బ్యాంక్స్‌కి చుట్టం, ఊరికే చెప్తున్నా). స్టీవ్ మాకీ బేస్ గిటార్ పట్టుకుని వచ్చింది 80ల చివర్లో. అంటే హిట్లు కొట్టిన ఐదుగురూ ఒకచోట చేరింది అప్పుడే. అక్కడి నుంచి లెక్కేస్తే ఆరేడేళ్లు, అదేమీ వింత కాదు.
ఆ ఆరేడేళ్లలో కూడా సగం లేబుల్ (రికార్డ్ కంపెనీ) గొడవే. సెపరేషన్స్ ఆల్బమ్ 1989లో రికార్డ్ చేశారు, బయటికొచ్చింది 1992లో. మూడేళ్లు! అందులో సగం పాటలు పాతకాలపు బ్యాలడ్లు, సగం యాసిడ్ హౌస్ క్లబ్ బీట్లు, 89లో వచ్చుంటే వీళ్లేదో కొత్తగా చేస్తున్నారు అనేవాళ్లు, 92కి అందరూ అదే చేస్తున్నారు. బ్యాండ్ మొత్తం విసిగిపోయింది. జార్విస్ అయితే 88లోనే లండన్ వెళ్లి సెయింట్ మార్టిన్స్ కాలేజీలో సినిమా కోర్సులో చేరిపోయాడు, మాకీ కూడా లండన్‌లో సినిమా చదువే. అంటే మ్యూజిక్ వదిలేసే ఆలోచన గట్టిగానే ఉందన్నమాట.
ఇక ఏం తిని బతికారు అంటే, డోల్. నిరుద్యోగ భృతి. మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్న కాలంలో షెఫీల్డ్‌లో స్టీలు మిల్లులు మూతపడి ఊరు ఊరంతా పని లేకుండా కూర్చుంది, వారం వారం భృతి తీసుకుంటూ తక్కువ అద్దె గదుల్లో ఉంటూ బ్యాండ్ నడుపుకోవడం అప్పట్లో మామూలు విషయం. పల్ప్ ఒక్కటే కాదు, ఆ కాలం బ్రిటిష్ ఇండీ బ్యాండ్లలో చాలావాటికి స్పాన్సర్ బ్రిటిష్ ప్రభుత్వమే. పట్టుదల ఉంది కాదనను, ఆ డబ్బు కూడా లేకపోతే పట్టుదల ఏం చేసుకుంటాం?

షెఫీల్డ్‌స్టీల్:
డోల్ పాయింట్ ఒప్పుకుంటా బ్రో, లైనప్ పాయింట్ కూడా. కానీ డోల్ అందరికీ ఉంది కదా, ఆ ఊళ్లో వందల బ్యాండ్లు పుట్టాయి, పోయాయి. వీళ్లే ఎందుకు మిగిలారు అనేదానికి మీ దగ్గర జవాబు లేదు.

బేస్‌లైన్:
ఉంది. జార్విస్‌కి ఇంకో పని చేతకాదు. 😄

క్యాసియోపిచ్చి:
మీ ఇద్దరూ కొట్టుకుంటూ ఉండండి, నేను పాట గురించి మాట్లాడతా.
రాత్రిరేడియో బ్రో, కామన్ పీపుల్ పుట్టింది ఖరీదైన సింథసైజర్ మీద కాదు, లండన్ నాటింగ్ హిల్‌లో సెకండ్ హ్యాండ్ షాపులో జార్విస్ కొన్న చిన్న క్యాసియో కీబోర్డ్ మీద. మొదట ఆ ట్యూన్ వినిపిస్తే బ్యాండ్‌లో ఒకరిద్దరు నవ్వారు కూడా, క్యాండిడాకి మాత్రం నచ్చింది. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క విషయం గమనించండి, పాట మొదట్లో ఉన్న స్పీడు చివర్లో ఉండదు, మెల్లిమెల్లిగా పెరుగుతూ పోతుంది. ఇప్పటి పాటల్లో కంప్యూటర్ క్లిక్‌కి కట్టేసి వాయిస్తారు కాబట్టి మనకి ఇది అలవాటు లేదు, ఇక్కడ డ్రమ్మర్‌తో పాటు మన గుండె కూడా వేగం అందుకుంటుంది. జార్విస్ గొంతు కూడా అంతే, మొదటి చరణంలో చెవిలో గుసగుసగా కథ చెప్తున్నట్టు ఉంటాడు, ఎక్కడ మారిందో తెలీదు, చివరికొచ్చేసరికి ఊపిరి అందక అరుస్తుంటాడు. మధ్యలో వయొలిన్, పైన ఆ ఆర్గన్, కింద అదే బేస్. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) చూస్తే మూడంటే మూడే. అంత తక్కువ సామాగ్రితో అంత కోపం ఎలా పుట్టించారో నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.
కథ కూడా సెయింట్ మార్టిన్స్‌లో జరిగిందే. బాగా డబ్బున్న ఇంటి గ్రీకు అమ్మాయి ఒకావిడ పేదవాళ్లుండే ఏరియాలోకి మారి మామూలు జనంలా బతికి చూడాలనుంది అని జార్విస్‌తో అంది. చాలామంది ఈ పాటని పార్టీ పాట అనుకుని గెంతుతారు, నిజానికి ఇది తిట్ల పాట. నువ్వు బీద గదిలో ఉండొచ్చు, బొద్దింకల్ని చూస్తూ పడుకోవచ్చు, కానీ నాన్నకి ఒక్క ఫోన్ కొడితే నీకు అంతా ఆగిపోతుంది, మాకు ఆ ఫోన్ నంబర్ లేదు. మొత్తం పాట సారం ఇదే. బ్రిటన్‌లో క్లాస్ (ధనిక, పేద వర్గాల తేడా) గురించి ఇంత సూటిగా, అదీ డాన్స్ బీట్ మీద, టాప్ 10లో చెప్పిన పాట నాకింకోటి గుర్తు రావట్లేదు. రేడియోలో వచ్చే చిన్న వెర్షన్ వినకండి, అందులో చివరి కోపమంతా కోసేశారు. ఆల్బమ్‌లోది ఆరు నిమిషాలకి కాస్త తక్కువ ఉంటుంది, అదే వినాలి.
1995 మేలో రిలీజ్, చార్టులో 2వ స్థానం. నంబర్ 1 ఎవరో తెలుసా? రాబ్సన్ అండ్ జెరోమ్, ఒక టీవీ సీరియల్లో సైనికులుగా వేసిన ఇద్దరు యాక్టర్లు, పాత పాట మళ్లీ పాడి వారాలకి వారాలు దిగలేదు. పాపం అన్నేళ్లు ఆగి ఆగి చివరికి వీళ్ల చేతిలోనా ఓడిపోయేది!

రాత్రిరేడియో:
వామ్మో స్పీడ్ పెరగడం ఇప్పుడే చెక్ చేశా, నిజమే! ఇన్నిసార్లు విన్నా పట్టుకోలేకపోయా. మరి గ్లాస్టన్‌బరీ సంగతేంటి, అక్కడే అంతా మారిపోయింది అంటారు? ఇంకా మైకేల్ జాక్సన్‌తో ఏదో గొడవ అని కూడా చూశా.

షెఫీల్డ్‌స్టీల్:
గ్లాస్టన్‌బరీ 1995 జూన్. శనివారం రాత్రి మెయిన్ స్టేజీ మీద ఆడాల్సింది స్టోన్ రోజెస్. వాళ్ల గిటారిస్టు జాన్ స్క్వయర్ సైకిల్ మీంచి పడి కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాడు, ఫెస్టివల్‌కి పెద్దగా టైమ్ లేదు. ఆ ఖాళీలో పల్ప్‌ని పెట్టారు. ఇక్కడ బ్రిట్‌పాప్ గాలి అనేవాళ్లకి నా జవాబు ఏంటంటే, గాలి వీచినప్పుడు తెరచాప రెడీగా ఉండాలి కదా. అప్పటికి డిఫరెంట్ క్లాస్ ఆల్బమ్ ఇంకా రాలేదు, అయినా వేలమంది ముందు డిస్కో 2000 లాంటి కొత్త పాటలు ధైర్యంగా వాయించేశారు. చివర్లో కామన్ పీపుల్‌కి జనం ఒక్కో లైనూ తిరిగి పాడుతుంటే జార్విస్ మొహం చూడండి, ఆ వీడియో దొరుకుతుంది. నాలాంటి బక్కపలచటి మనిషే ఇక్కడిదాకా రాగలిగాడంటే మీరూ రాగలరు అన్నట్టు ఆ పాటకి ముందు ఒక మాట అంటాడు.
ముందు ఏడాది 1994లో హిజ్ ఎన్ హర్స్ ఆల్బమ్‌తోనే ఐలాండ్ రికార్డ్స్‌లో నిలదొక్కుకున్నారు, అది టాప్ 10లోకి వెళ్లింది, మెర్క్యురీ ప్రైజ్ (బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కి ఇచ్చేది) ఒక్క ఓటు తేడాతో ఎమ్ పీపుల్ బ్యాండ్‌కి పోయింది అంటారు. కాబట్టి ఒక్క రాత్రిలో మారింది అనేది పూర్తిగా కరెక్ట్ కాదు. 95 అక్టోబర్‌లో డిఫరెంట్ క్లాస్ నేరుగా నంబర్ 1, 96లో మెర్క్యురీ కూడా గెలిచారు, ఒయాసిస్ కూడా ఆ లిస్టులో ఉంది. ఆ డబ్బు వార్ చైల్డ్ చారిటీకి ఇచ్చేశారు.

బీసైడ్:
మైకేల్ జాక్సన్ ముక్క నేను చెప్తా. 1996 ఫిబ్రవరి, బ్రిట్ అవార్డ్స్, లండన్ ఎర్ల్స్ కోర్ట్. జాక్సన్ ఎర్త్ సాంగ్ పాడుతూ చుట్టూ పిల్లల్ని పెట్టుకుని చేతులు చాచి దేవుడిలా నిలబడ్డాడు. జార్విస్‌కి చిర్రెత్తుకొచ్చింది. స్నేహితుడితో కలిసి స్టేజీ ఎక్కేసి వెనక్కి తిరిగి వంగి పిర్రలవైపు చెయ్యి ఊపాడు. అంతే, బట్టలేవీ విప్పలేదు. పిల్లలకి దెబ్బలు తగిలాయన్న ఆరోపణ మీద పోలీసులు ఆ రాత్రి కూర్చోబెట్టారు, ఆయన తరఫున స్టేషన్‌లో నిలబడింది కమెడియన్ బాబ్ మార్టిమర్, అతను ఒకప్పుడు సొలిసిటర్ (లాయర్). వీడియో చూశాక జార్విస్ ఎవరినీ తోయలేదని తేలి వదిలేశారు.
అంతకు ముందు 95లో ఇంకో రచ్చ. సార్టెడ్ అనే సింగిల్ కవర్లో కాగితం మడిచే పద్ధతి బొమ్మలేశారు, అది డ్రగ్స్ దాచే మడత అని డైలీ మిర్రర్ మొదటి పేజీలో బ్యాన్ చెయ్యండి అని కేకలు పెట్టింది. పాట వింటే తెలుస్తుంది, రేవ్ పార్టీకెళ్లి రాత్రంతా ఊగి తెల్లారేసరికి పొలంలో దిక్కు తోచక నిలబడ్డవాడి కథ అది, డ్రగ్స్ యాడ్ కాదు. పేపర్ వాళ్లకి పాట వినే తీరిక ఎక్కడిది.

బేస్‌లైన్:
కిందికి ఎందుకు పోయారు అనే ప్రశ్న మిగిలిపోయింది. ఈ బ్రిట్ అవార్డ్స్ గొడవే దానికి మొదలు. ఆ రాత్రి వరకూ జార్విస్ జనాన్ని ఓ మూల కూర్చుని గమనించేవాడు, ఆయన రాతంతా ఆ గమనింపు మీదే నడిచింది. మర్నాటి నుంచి జనం ఆయన్ని గమనించడం మొదలుపెట్టారు. బస్సెక్కలేడు, షాపుకెళ్లలేడు, ఇంక ఏం గమనిస్తాడు, ఏం రాస్తాడు? తానే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు ఆ ఫేమ్ తనకి అస్సలు పడలేదని.
97 మొదట్లో రసెల్ సీనియర్ ఇక నాకిందులో పని లేదని వెళ్లిపోయాడు. 98లో దిస్ ఈజ్ హార్డ్‌కోర్ వచ్చింది. మొదటి పాటే పానిక్ అటాక్ గురించి. ఇంకో పాట ముసలితనం గురించి. టైటిల్ సాంగ్ ఆరు నిమిషాల పైన, నెమ్మదిగా పాకుతుంది, బూతు సినిమాల మీద, ఫేమ్ మీద ఏవగింపు. డిస్కో 2000కి గెంతినవాళ్లు ఇది విని ఏమైపోవాలి! నంబర్ 1కి వెళ్లింది గానీ అమ్మకాలు డిఫరెంట్ క్లాస్ దరిదాపుల్లో లేవు. నన్నడిగితే వీళ్ల బెస్ట్ ఆల్బమ్ ఇదే. హ్యాంగోవర్ మీద ఇంత నిజాయితీగా ఇంకే బ్రిట్‌పాప్ బ్యాండూ చెయ్యలేదు.

క్యాసియోపిచ్చి:
బెస్ట్ మాత్రం కాదు బాస్, మధ్యలో నాలుగు పాటలు సాగదీశారు. డిఫరెంట్ క్లాస్‌లో తీసెయ్యాల్సిన పాట ఒక్కటి చూపించు.

బేస్‌లైన్:
సరే నీ ఇష్టం. టైటిల్ సాంగ్‌లో ఆ ఇత్తడి బాజాలు ఎక్కడైతే లోపలికొస్తాయో అది ఒక్కసారి పెద్ద స్పీకర్ల మీద విని అప్పుడు మాట్లాడు.

బీసైడ్:
ఆ తర్వాతది త్వరగా చెప్పేస్తా. 2001లో వి లవ్ లైఫ్, ప్రొడ్యూసర్ సింగర్ స్కాట్ వాకర్, అంటే జార్విస్ చిన్నప్పటి నుంచి ఆరాధించిన మనిషి. చెట్లు, కలుపు మొక్కలు, నదులు. ఆల్బమ్ చక్కగా ఉంటుంది, కొన్నవాళ్లు తక్కువ. 2002 చివర్లో హిట్స్ పేరుతో బెస్ట్ ఆఫ్ వేస్తే చార్టులో 71వ స్థానం. ఏడేళ్ల కిందట దేశం మొత్తం పాడిన బ్యాండ్‌కి! ఆ డిసెంబర్‌లోనే షెఫీల్డ్ పక్కన రాథరమ్‌లో ఒక పాత స్టీలు మిల్లులో ఆడేసి, విడిపోయాం అని ప్రకటన కూడా లేకుండా ఎవరిదారిన వాళ్లు పోయారు.
(రాత్రిరేడియో బెస్ట్ ఆఫ్ వద్దు అన్నది అప్పటి జనం కూడా విన్నట్టున్నారు.)

రాత్రిరేడియో:
హహ. మరి ఇప్పుడు మళ్లీ ఉన్నారు కదా? కొత్త ఆల్బమ్ కూడా వచ్చింది అంటున్నారు, వినొచ్చా లేక పాత పేరు మీద డబ్బులు చేసుకోవడమేనా?

షెఫీల్డ్‌స్టీల్:
2011, 2012లో ఒకసారి కలిశారు, రసెల్ కూడా కొన్నాళ్లు వచ్చాడు, కొత్త ఆల్బమ్ లేదు, పాతపాటలే. మళ్లీ 2023లో టూర్ మొదలుపెట్టారు. ఆ టూర్‌లో నేను లేను అని స్టీవ్ మాకీ ముందే చెప్పాడు, టూర్ మొదలవ్వకముందే 2023 మార్చిలో చనిపోయాడు, 56 ఏళ్లు. చూడటానికి ఎప్పుడూ బ్యాండ్ మొత్తంలో స్టైలిష్‌గా ఉండే మనిషి, వీళ్ల డాన్స్ బీట్ పిచ్చికి సగం కారణం అతనే.
మోర్ అనే ఆల్బమ్ 2025 జూన్‌లో వచ్చింది, 24 ఏళ్ల తర్వాత. ప్రొడ్యూసర్ జేమ్స్ ఫోర్డ్, లేబుల్ రఫ్ ట్రేడ్, మాకీకి అంకితం ఇచ్చారు. రికార్డింగ్ మూడు వారాల్లో అయిపోయింది, ఇంత తాపీ బ్యాండ్‌కి అది ప్రపంచ వింత. యూకేలో నంబర్ 1 కూడా కొట్టింది. 60 దాటిన మనిషి 30 ఏళ్లవాడిలా నటించకుండా 60లో వచ్చే భయాలే రాశాడు, అందుకే నాకు నచ్చింది. అదే నెలలో గ్లాస్టన్‌బరీలో ప్యాచ్‌వర్క్ అనే దొంగపేరుతో లిస్టులో ఉండి సర్‌ప్రైజ్‌గా ఆడారు, సరిగ్గా 30 ఏళ్లకి. డబ్బులు చేసుకోవడానికైతే పాతపాటలు చాలు, కొత్తవి రాసే తిప్పలెందుకు?

బేస్‌లైన్:
దీంట్లో మాత్రం మీతో గొడవ లేదు. స్పైక్ ఐలాండ్ పాటలో బేస్ బాగుంది.

క్యాసియోపిచ్చి:
వినే వరుస నాది రాసుకో బ్రో. ముందు డిఫరెంట్ క్లాస్ మొత్తం, షఫుల్ చెయ్యకుండా. తర్వాత వెనక్కెళ్లి హిజ్ ఎన్ హర్స్, అందులో బేబీస్ పాట (స్నేహితురాలి అక్క గదిలో అల్మరాలో దాక్కున్నవాడి కథ, నవ్వాలో సిగ్గుపడాలో తెలీదు). ఆ తర్వాత 95 గ్లాస్టన్‌బరీ వీడియో. అప్పుడు హార్డ్‌కోర్, రాత్రిపూట. ఇవి నచ్చితే మోర్. ఇట్, ఫ్రీక్స్ మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు, బ్యాండ్ మీద ప్రేమ బాగా ముదిరాక చూడొచ్చు. సెపరేషన్స్ నుంచి మై లెజెండరీ గర్ల్‌ఫ్రెండ్ ఒక్కటి విను చాలు, 91లో ఎన్‌ఎంఈ అనే మ్యూజిక్ పత్రిక ఆ వారం సింగిల్‌గా ఎంచుకుంది, జనం వీళ్లవైపు తల తిప్పడం అక్కడే మొదలైంది.

బీసైడ్:
ఫ్రీక్స్ ముట్టుకోవద్దు అనడం అన్యాయం. దానికి వేరే థ్రెడ్ పెడతా, అక్కడికి రా.

రాత్రిరేడియో:
అందరికీ థాంక్స్. డిఫరెంట్ క్లాస్ మొదలెట్టా, మిస్ షేప్స్ నడుస్తోంది. బీసైడ్ అన్నా, ఆ థ్రెడ్ లింక్ ఇక్కడ కూడా పడేయ్.